"ఎవరికి జ్వరం?": మన ఇళ్ళలో బ్రెడ్డు చోటు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది గుంటూరు. బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వెళ్తే మీ నాన్నమ్మగారు "ఎవరికి జ్వరం?" అని అడిగారు. ఫ్రాన్సులో, ఈజిప్టులో రొట్టె కోసం జనం రోడ్ల మీదికి వచ్చారని మీరు చదివారు. అక్కడ అంత విలువైన తిండి మన దగ్గర రోగుల తిండి ఎందుకయింది, అసలు మన జీవితంలో దానికి చోటుందా అని అడుగుతున్నారు.

నేను 1988లో గుంటూరులో ఒక బేకరీలో పనికి చేరాను. 1999 నుంచి విజయవాడ గవర్నరుపేటలో సొంత బేకరీ నడుపుతున్నాను. మీ నాన్నమ్మగారి ప్రశ్న నా కౌంటర్ దగ్గర వారానికి ఒకసారైనా వినపడుతుంది. అందుకే తీరికగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: ఆ దేశాల్లో రొట్టె కూర్చున్న పీట మీద మన దగ్గర అన్నం ఎప్పుడో కూర్చుంది. బ్రెడ్డు వచ్చేసరికి అక్కడ ఖాళీ లేదు. దానికి దొరికిన చోటు వేరు. ఇంట్లో పొయ్యి వెలగని పూటకు, వండే మనిషి లేని పూటకు మన దగ్గర బ్రెడ్డు వస్తుంది. అలాంటి పూటల్లో అందరికీ మొదట గుర్తొచ్చేది జ్వరం. అందుకే మీ నాన్నమ్మగారు అలా అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఇప్పుడు కొంచెం వివరంగా చెబుతాను.

ఈజిప్టులో వాళ్ళు రోజూ మాట్లాడే అరబ్బీలో రొట్టెను 'ఐష్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం బతుకు. మనం ఎదురైన మనిషిని "అన్నం తిన్నారా" అని పలకరిస్తాం. ఆ పూట ఆయన తిన్నది ఉప్మా అయినా సరే, భోజనానికి మన మాట అన్నమే. రెండు చోట్లా జరిగింది ఒకటే, రోజూ కడుపు నింపేదాని పేరు మొత్తం తిండికే పేరయింది. తెలుగు బైబిలు చూడండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఇంగ్లీషువాళ్ళు బ్రెడ్డు అన్న చోట మనవాళ్ళు "మా అనుదినాహారము" అని రాశారు. "జీవాహారము నేనే" అన్న చోట కూడా అంతే, ఆహారమనే రాశారు. అదే బైబిలులో, మనుష్యుడు రొట్టెవలన మాత్రమే జీవించడు అన్న చోట మాత్రం రొట్టె అనే మాటే ఉంచారు. రోజూ కావలసిన తిండి అనే భావం కావాలంటే తెలుగులో 'రొట్టె' అంటే సరిపోదని ఆ అనువాదం చేసినవాళ్ళకు తెలుసు అనిపిస్తుంది నాకు. వాళ్ళమీద నాకు చాలా గౌరవం.

ఇక విప్లవాల సంగతి. 1789లో పారిస్‌లో కూలివాళ్ళకు మామూలు రోజుల్లోనే సంపాదనలో దాదాపు సగం రొట్టెకే పోయేది. ముందు ఏడాది పంట పాడై ధర ఇంకా పెరిగింది. అక్టోబర్ 5న ఆడవాళ్ళు వేలమంది వానలో తడుస్తూ పారిస్ నుంచి రాజభవనం ఉన్న వెర్సాయికి నడిచి, మర్నాడు రాజును, రాణిని, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని తెచ్చారు. దారిలో వాళ్ళను "రొట్టెలాయన, రొట్టెలావిడ, రొట్టెల కుర్రాడు" అని పిలుచుకుంటూ వచ్చారట. రొట్టె కాల్చి బతికే నాకు ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. రాజు ఉండేది రొట్టె అందించడానికే అని ఆ ఆడవాళ్ళ లెక్క. (రాణి "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అన్నదనే కథ ఆవిడకు అంటగట్టినది. దాన్ని నమ్మకండి.) 1977 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం రొట్టె మీద, మరికొన్ని తిండి సరుకుల మీద సబ్సిడీ తగ్గిస్తామంటే రెండు రోజులు దేశం అట్టుడికింది. ప్రభుత్వం నిర్ణయం వెనక్కి తీసుకుంది. అక్కడ సబ్సిడీ రొట్టె ధర 5 పియాస్టర్ల (మన పైసల్లాంటివి) దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా కదలలేదు. 2024 జూన్‌లో గానీ 20 చెయ్యలేకపోయారు.

ఇదంతా పరాయి దేశాల గోలలా అనిపిస్తే 1983 గుర్తు చేసుకోండి. కిలో రెండు రూపాయల బియ్యం మాట మన రాష్ట్రంలో రాజకీయాన్నే మార్చేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలకు బియ్యం ధర పెద్ద విషయమే అయింది. పారిస్‌లో రొట్టె చేసిన పని మన దగ్గర బియ్యం చేసింది. కాబట్టి "రొట్టెకు చరిత్రలో ఉన్న పాత్ర మన దగ్గర ఎక్కడ" అని వెతికితే అది బేకరీలో దొరకదు, రేషన్ షాపు వరుసలో దొరుకుతుంది.

మరి గోధుమ ఇక్కడికి ఎందుకు రాలేదు? కారణం వాతావరణమే. గోధుమకు చాలా రోజులు నిలిచే చలి కావాలి. మన కృష్ణా డెల్టాలో చలి నాలుగు రోజులు కనిపించి పోతుంది. పైగా 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల నీళ్ళు వచ్చి, డెల్టా మొత్తం వరి మాగాణి అయింది. నా బేకరీకి వచ్చే మైదా ఈరోజుకీ ఉత్తరాది గోధుమలదే.

రొట్టె అనే మాట మాత్రం మనకు కొత్త కాదు. జొన్నరొట్టె, సజ్జరొట్టె తిన్న జిల్లాలు మనకున్నాయి. "రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు" అనే సామెత మనదే. మినప్పిండితో మూకుట్లో కాల్చే దిబ్బరొట్టె ఉంది. పొంగే రొట్టెకు కావలసిన విద్య కూడా మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. రాత్రి రుబ్బి పెట్టిన పిండి పొద్దునకు పొంగడం, ఈస్టు వేసిన మైదా పొంగడం ఒకే రకం పని. కంటికి కనపడని జీవులు పిండిలోని చక్కెరను తిని గ్యాసు వదులుతాయి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఆ గ్యాసును పట్టి ఉంచుతుంది. మన పిండిలో మినప్పప్పు జిగురు ఆ పని చేస్తుంది. ఇడ్లీ పిండి బాగా పొంగించే అమ్మకు బ్రెడ్డు పిండి గురించి నేను ఐదు నిమిషాలు చెబితే చాలు. వంటమీద అంత పట్టున్న జాతికి మైదా బ్రెడ్డు అవసరం ఎందుకు పడుతుంది చెప్పండి!

ఇంకో తేడా కూడా ఉంది, ఇదే అసలు తేడా అని నా అభిప్రాయం. బ్రెడ్డుకు పెద్ద బట్టీ కావాలి. బట్టీ వేడెక్కాలంటే బోలెడు కట్టెలు కావాలి. ఏ ఇంటికి ఆ ఇల్లు రోజూ బట్టీ పెట్టుకోలేదు. అందుకని ఊరికొకడు కాల్చాలి, మిగతావాళ్ళు కొనుక్కోవాలి. 79వ సంవత్సరంలో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపే అనే రోమన్ ఊళ్ళో ముప్పైకి పైగా బేకరీలు తవ్వకాల్లో బయటపడ్డాయి. బొగ్గయిపోయిన రొట్టెలు కూడా దొరికాయి. ఎనిమిది ముక్కలుగా విరుచుకునేలా ముందే గాట్లు పెట్టి ఉన్నాయి వాటికి! అన్నానికి ఇవేవీ అక్కర్లేదు. మూడు రాళ్ళు, ఒక కుండ, నాలుగు పుల్లలు ఉంటే ఏ ఇంట్లో అన్నం ఆ ఇంట్లో ఉడుకుతుంది. మన పల్లెల్లో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె అన్ని వృత్తులూ ఉన్నాయి. ఊరందరికీ రోజువారీ తిండి వండి అమ్మే వృత్తి మాత్రం లేదు. ఇంట్లో పొయ్యి ఉన్నంతకాలం బయట తిండి కొనాల్సిన పని మనకు రాలేదు.

అందుకే పొయ్యి వెలగని పూట అన్నాను.

జ్వరానికీ బ్రెడ్డుకూ ముడి ఎలా పడింది? "లంఖణం పరమౌషధం" అనే పద్ధతి మనది. జ్వరం ఉన్నన్నాళ్ళు అన్నం పెట్టరు. తగ్గాక పథ్యం, అంటే మెత్తటి అన్నంలో చారు, తర్వాత బీరకాయ కూర. మధ్యలో ఆ అన్నం లేని రోజుల్లో మనిషి ఏం తినాలి? బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ, మరమరాలు. ఇంగ్లీషు వైద్యం వచ్చాక ఆ ఖాళీలోకి పాలు, బ్రెడ్డు వచ్చాయి. గుంటూరులో అమెరికా లూథరన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ తరఫున వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరిచారు. ఇంగ్లీషు డాక్టర్లు, మిషన్లు, రైల్వే, వీటి వెనకాలే బ్రెడ్డు మన ఊళ్ళలోకి వచ్చింది. ఇంట్లో అడుగు పెట్టిన మొదటి రోజునుంచే అది మందుసీసా పక్కన కూర్చుంది.

టైఫాయిడ్ భయం దీన్ని ఇంకా బలపరిచింది. ఆ జ్వరంలో పేగుల్లో పుండ్లు పడతాయి, పేగు చిల్లుపడితే ప్రాణం పోతుంది. 1948లో క్లోరాంఫెనికాల్ అనే మందు పని చేస్తుందని తెలిసేదాకా డాక్టర్ల చేతిలో ఉన్నది జాగ్రత్త ఒక్కటే. పీచు లేనిది, మెత్తనిది, నమలకుండానే కరిగేది పెట్టమనేవారు. అంచులు కోసేసి పాలలో నానబెట్టిన బ్రెడ్డు ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు ఇప్పటికీ "అంచులు తీసేసి ఇవ్వు బాబూ, పేషెంటుకి" అంటారు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళకు గుర్తుండకపోవచ్చు. ఒకప్పుడు ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్న భయం ఆ మాటలో ఉంది.

నేను పని నేర్చుకున్న బేకరీ గుంటూరు పెద్దాసుపత్రికి దగ్గరలోనే ఉండేది. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తీసేసరికి పల్నాడు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మెట్లమీద కూర్చుని ఉండేవారు. రోగికి ఒక చిన్న బ్రెడ్డు కొనేవారు. రెండు రోజులు గమనిస్తే తెలిసేది, ఆ బ్రెడ్డులో సగం తినేది పక్కన కూర్చున్న భార్యో కొడుకో. ఇల్లు యాభై మైళ్ళ దూరం, వండుకునే చోటు లేదు, హోటలుకు డబ్బు లేదు. రోగుల తిండి అని మనం అనుకునేది నిజానికి రోగిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళ తిండి కూడా. ఇది నేను ఆ మెట్ల దగ్గర నేర్చుకున్నాను. మా మేస్త్రీ వాళ్ళకు నిన్నటి బ్రెడ్డు ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. "వాళ్ళకి పొద్దున కాల్చిందే ఇవ్వరా" అనేవాడు. నేను ఇప్పటికీ అదే పాటిస్తున్నాను.

నాయకుల పుట్టినరోజులకు ఆసుపత్రుల్లో పాలు, పళ్ళు, రొట్టెలు పంచుతారు కదా, ఆ ఆర్డర్లు కూడా మాకే వస్తాయి. ఒకే రోజు వెయ్యి ప్యాకెట్లు అడుగుతారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే, ఒక్క పూటే అంతా పంచకుండా రెండు పూటలుగా పంచండి అని. ఒకే వార్డులో ఒక్కో మంచం మీద మూడు ప్యాకెట్లు పడితే రెండు పాడవుతాయి.

ఇక 2024 సెప్టెంబర్. బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో ఉండిపోయినప్పుడు ఊళ్ళో ఉన్న ప్రతి బేకరీకీ చేతినిండా పని పడింది. గ్యాస్ పొయ్యిలు నీళ్ళలో, కరెంటు లేదు, బియ్యం తడిసిపోయాయి. అంతమంది ఇళ్ళలో ఒకేసారి పొయ్యి ఆరిపోవడం నా జీవితంలో ఎప్పుడూ చూడలేదు. మామూలుగా రోజుకు ఆరువందల బ్రెడ్లు కాల్చే మేము ఆ నాలుగు రోజులు రెండువేలకు తగ్గకుండా కాల్చాం. పాల బ్రెడ్డు, తీపి బ్రెడ్డు ఆపేసి ఒట్టి సాల్ట్ బ్రెడ్డే కాల్చాం, ఎందుకంటే పాలు లేనిది ఇంకో రోజు నిలుస్తుంది. పులిహోర పొట్లాలు పంపినవాళ్ళు పుణ్యాత్ములే, కానీ పడవ వెళ్ళేసరికి సాయంత్రమైతే అవి వాసన వచ్చేవి. బ్రెడ్డు మర్నాటికి కూడా ఉండేది.

ఆ మొదటి రోజు నేను ఒక తప్పు చేశాను. కుర్రాళ్ళు పడవలు సిద్ధంగా ఉన్నాయి, త్వరగా ఇవ్వండి అని నిలబడితే కంగారులో వేడి బ్రెడ్డే కవర్లలో పెట్టించాను. లోపల ఆవిరి పట్టి, మర్నాటి మధ్యాహ్నానికి కొన్నింటిమీద బూజు కనిపించిందని కబురొచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బట్టీలోంచి తీసిన బ్రెడ్డు లోపలిదాకా చల్లారడానికి మూడు గంటలు పడుతుంది, ముప్పై ఆరేళ్ళుగా తెలిసిన సంగతే. ఆ కబురు వచ్చినప్పటినుంచి ఎవరు ఎంత తొందరపెట్టినా ఫ్యాన్ల కింద ఆరబెట్టాకే ప్యాకింగ్. వరదల్లో సాయం చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర బ్రెడ్డును పవిత్రంగా చూసే చోటు కూడా ఉంది. చర్చిలో బల్ల (ఏసు చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచడం) ఇచ్చే రోజు ముందు పాస్టర్లు వచ్చి ప్రత్యేకంగా కాల్పించుకుంటారు. కొందరికి ఈస్టు లేకుండా కావాలి, కొందరికి మామూలు బ్రెడ్డే చాలు, ముక్కలుగా కోసుకుంటారు. కతోలిక గుళ్ళలో పల్చటి అప్పం ఇస్తారు, అది మా దగ్గర చెయ్యం. రంజాన్ నెలలో డబల్ కా మీఠా కోసం బ్రెడ్డు అమ్మకం బాగా పెరుగుతుంది. దానికి నిన్నటి బ్రెడ్డు వాడితేనే మంచిది, తాజాది పాకంలో చిదికిపోతుంది.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు, ఎందుకంటే మీ ప్రశ్న చదివి "అయితే రోజూ బ్రెడ్డే తినొచ్చు" అని ఎవరూ అనుకోకూడదు.

జ్వరానికి బ్రెడ్డే తినాలన్న నియమం ఏమీ లేదు. తెల్ల బ్రెడ్డు తేలిగ్గా అరుగుతుంది, నిజమే. ఇడ్లీ కూడా తేలిగ్గానే అరుగుతుంది, పైగా అందులో పప్పు ఉంది. నా ఇంట్లో జ్వరం వస్తే మా ఆవిడ ఇడ్లీయే పెడుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు అన్నం మానేసి బ్రెడ్డు తింటున్నామని సంతోషంగా చెబుతారు. తెల్ల బ్రెడ్డు, తెల్లన్నం రెండూ రక్తంలో చక్కెరను ఇంచుమించు ఒకేలా పెంచుతాయి. బ్రౌన్ బ్రెడ్డు అన్న పేరు చూసి మోసపోకండి. కొన్నింటిలో ఆ రంగు కారమెల్‌ది. ప్యాకెట్ వెనక రాసిన పదార్థాల వరుస చూడండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి. మొదట మైదా ఉంటే అది మైదా బ్రెడ్డే. దీనిమీద నాకు చాలా బాధ ఉంది, ఎందుకంటే పెద్దవాళ్ళు ఎక్కువ డబ్బు పెట్టి మరీ అదే కొంటారు.

పొటాషియం బ్రోమేట్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. పిండి బాగా పొంగడానికి ఒకప్పుడు వాడేవారు. 2016లో మన దేశంలో నిషేధించారు. తెలియని చోట బ్రెడ్డు కొంటే లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడండి.

బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యంగా పడుతుంది కానీ త్వరగా గట్టిపడుతుంది. మన వానాకాలపు ఉక్కలో నేను చెప్పేది: రెండు రోజులకు సరిపడా బయట ఉంచుకుని మిగతాది గడ్డకట్టే ఫ్రీజర్ అరలో పెట్టండి. కావలసినన్ని ముక్కలు తీసి నేరుగా పెనం మీద వేస్తే మళ్ళీ మెత్తబడతాయి. ఒక ముక్కమీద బూజు కనిపిస్తే ప్యాకెట్ మొత్తం పారెయ్యండి. కంటికి కనపడేది కొంతే, వేళ్ళు లోపలికి పాకి ఉంటాయి.

చివరిగా, ఈ పరిస్థితి మారుతోందా అంటే, అవును, నా కౌంటర్ దగ్గరే చూస్తున్నాను. హాస్టళ్ళ పిల్లలు, రాత్రి డ్యూటీ చేసే నర్సులు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళవాళ్ళు పొద్దున్నే వచ్చి కొంటున్నారు. వీళ్ళెవరికీ జ్వరం లేదు. పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు, అంతే. పొయ్యి వెలగని పూటలు ఊళ్ళో పెరుగుతున్నాయి. ఆ మేరకు బ్రెడ్డూ పెరుగుతోంది. అయినా మధ్యాహ్నం అన్నం జోలికి అది వస్తుందని నేను అనుకోను.

మీ నాన్నమ్మగారిని నా తరఫున ఒక మాట అడగండి. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో ఎవరికైనా జ్వరం వస్తే బ్రెడ్డు ఎక్కడినుంచి తెప్పించేవారు, ఎవరు తెచ్చేవారు, ఎన్ని రోజులు దాచుకునేవారు? మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళను అడిగి ఇలాంటివి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఆవిడ ఏం చెప్పారో వీలైతే ఇక్కడే రాయండి, ఊరి పేరుతో సహా.